చిన్న క్రూయిజింగ్ పడవలో వేగం ఎక్కడ పోతోంది, ఎలా రాబట్టాలి

ఇరవై, ఇరవై రెండు అడుగుల తెరచాప పడవ కొన్నవాళ్లకి మొదటి సీజన్‌లోనే ఒక బెంగ పట్టుకుంటుంది. పక్కన అదే మోడల్ పడవ, అదే గాలి, అయినా వాళ్లు చూస్తుండగానే ముందుకి వెళ్లిపోతారు. దాంతో కొత్త తెరచాప కొనాలా, పెద్ద జెనోవా (స్తంభానికి ముందుండే తెరచాప) వేయాలా అనే ఆలోచన మొదలవుతుంది. కొన్నాక కూడా తేడా అంతంతమాత్రమే ఉంటుంది. ఎందుకంటే చిన్న పడవలో వేగం ఎక్కువగా పోయేది నీటి కింద, బరువు దగ్గర, ఒరుగుదల దగ్గర. ముందు ఆ మూడూ సరిచేసుకుంటే పెద్దగా ఖర్చు లేకుండానే పడవ కదులుతుంది. డబ్బు పెట్టాల్సినవి ఆ తర్వాత చూసుకోవచ్చు.

లెక్కలు గాల్లో తేలకుండా ఉండటానికి ఒక నిజమైన పడవని పట్టుకుందాం. కాటలినా 22ని ఫ్రాంక్ బట్లర్ రూపొందించారు. 1969లో మొదలై 15,000కి పైగా తయారయ్యాయి. అమెరికాలో సరస్సుల ఒడ్డున ఉంటున్న తెలుగువాళ్లు సెకండ్ హ్యాండ్‌లో మొదటి పడవ కోసం వెతికితే ముందు తగిలేవాటిలో ఇదొకటి. పొడవు 21.5 అడుగులు, నీటి గీత దగ్గర పొడవు 19.33 అడుగులు, బరువు సుమారు 1,020 కిలోలు. అందులో 250 కిలోలు కిందకి దించి పైకి లేపే పోత ఇనుప కీల్‌దే (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే రెక్క). మీ పడవ వేరే కంపెనీదైనా ఈ సైజులో సూత్రాలు అవే, అంకెలే కొంచెం మారతాయి.

పైన ఒక గోడ ఉంది

పడవ కదిలితే అల పుడుతుంది. అల ఎంత పొడుగ్గా ఉంటే అంత వేగంగా పోతుంది. పడవ వేగం పెరిగే కొద్దీ అది పుట్టించే అల కూడా సాగుతూ పోయి, ఒక దశలో సరిగ్గా నీటి గీత అంత పొడవవుతుంది. అప్పుడు ముందు కొస ఒక అల శిఖరం మీద, వెనక కొస ఇంకో శిఖరం మీద ఉంటాయి. అంతకు మించి వేగం కావాలంటే పడవ తను పుట్టించిన అలనే ఎక్కాలి. ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం కుంగుతుంది, నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. ఈ హద్దుకి లెక్క సులువే: నీటి గీత పొడవుని అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో (గంటకి నాటికల్ మైళ్లలో) వస్తుంది. 19.33కి వర్గమూలం 4.4, అంటే 5.9 నాట్లు, గంటకి దాదాపు 11 కిలోమీటర్లు. ఒక టన్ను బరువున్న పడవకి సుమారు 212 చదరపు అడుగుల తెరచాపతో ఆ గోడ దూకే బలం మామూలుగా ఉండదు.

15 నాట్ల గాలిలో ఈ పడవ ఎలాగూ గోడ దగ్గరికి వచ్చేస్తుంది. అక్కడ ఎంత తంటాలు పడ్డా కలిసొచ్చేది తక్కువ. అసలు లాభం పిల్లగాలిలో ఉంది. 6 నాట్ల గాలిలో 2.5 నాట్లు పోతున్న పడవని 3.25కి తెచ్చారనుకోండి, 30 శాతం పెరిగినట్టు. 20 నాటికల్ మైళ్ల ప్రయాణం 8 గంటల నుంచి 6 గంటల 10 నిమిషాలకి దిగుతుంది. మోటారు వేయకుండా చీకటి పడకముందే చేరామా లేదా అనేది అక్కడ తేలుతుంది. అందుకే ఈ పని మొత్తాన్ని రెండుగా చూడాలి: తక్కువ గాలిలో పడవని వెనక్కి లాగుతున్నది తీసేయడం, ఎక్కువ గాలిలో పడవని నిటారుగా నిలబెట్టడం.

నీటి కింద

నెమ్మదిగా వెళ్తున్నప్పుడు అలల నిరోధం చాలా తక్కువ. పడవని పట్టి ఆపేది దాదాపు మొత్తం రాపిడే. విలియం ఫ్రూడ్ 1870ల్లో ఇంగ్లండ్‌లోని టార్కీలో పొడవాటి నీటి తొట్టి కట్టి పలకలను లాగి చూశాడు. కొన్నింటికి వార్నిష్ పూశాడు, కొన్నింటికి గుడ్డ, ఇంకొన్నింటికి ఇసుక అంటించాడు. గరుకు పలకలకి వార్నిష్ పలక కంటే చాలా ఎక్కువ బలం కావాల్సి వచ్చింది. మీ పడవ అడుగున పాకుడు పట్టడం, బార్నకిల్స్ అనే చిన్న గుల్లలు అతుక్కోవడం అంటే అదే గరుకుదనం. వేలితో రాస్తే జారే పలచని పాకుడు కూడా పిల్లగాలిలో తెలుస్తుంది. బార్నకిల్స్ పడితే తెరచాపలు సరిచేయడంలో పడే శ్రమంతా వృథా.

పడవని ట్రైలర్ మీద పెట్టి వాడినప్పుడే నీళ్లలోకి దింపేవాళ్లకి పాకుడు పట్టకుండా పూసే యాంటీఫౌలింగ్ పెయింట్ అసలు అక్కర్లేదు. పాత యజమాని పూసిన పొరలుంటే గీకి తీసేసి, అడుగుని నున్నగా చేసుకోవడమే మంచిది. ఎప్పుడూ నీళ్లలోనే ఉంచేవాళ్లకి పెయింట్ తప్పదు. అందులో రెండు రకాలు. గట్టి రకం పెయింట్‌ని పూశాక 400 గ్రిట్ నీటి కాగితంతో తడిపి రుద్దితే అద్దంలా వస్తుంది, తరచూ తోమినా తట్టుకుంటుంది. కరిగిపోయే రకం తనంతట తానే పొరలుగా అరుగుతూ కొత్త ముఖం చూపిస్తుంది కానీ గట్టిగా తోమితే రంగంతా నీళ్ల పాలు. దాన్ని మెత్తటి స్పాంజితో తుడవాలి, అది కూడా మృదువుగా. ఎండాకాలపు వెచ్చని నీళ్లలో నెలకోసారైనా తుడవకపోతే ఏ పెయింటూ నిలబడదు.

ఇనుప కీల్ విషయంలో ఇంకో జాగ్రత్త. రాగి కలిసిన పెయింట్‌ని నేరుగా ఇనుము మీద పూస్తే రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై కీల్‌ని తినేస్తుంది. మధ్యలో ఎపాక్సీ పొరలు తప్పనిసరి. తుప్పు పట్టిన కీల్‌ని మెరిసే లోహం కనిపించేదాకా గ్రైండ్ చేయాలి. తర్వాత మొదటి ఎపాక్సీ పూత గంటలోపే పడాలి. గాలిలో తేమ ఉంటే అంతలోనే కంటికి కనిపించని తుప్పు పొర వచ్చేస్తుంది, దాని మీద వేసిన పూత మరుసటి సీజన్‌కి పెచ్చులుగా ఊడిపోతుంది. రెండు మూడు పూతలయ్యాక ఎపాక్సీలో మైక్రోబెలూన్ల (సన్నటి బోలు గోళీల) పొడిని ముద్దలా కలిపి గుంతలు నింపి, పొడవాటి చెక్కకి 80 గ్రిట్ కాగితం చుట్టి రుద్దాలి. చేత్తో పట్టుకుని రుద్దితే గుంత గుంతగానే ఉంటుంది. చెక్క పొడవు కనీసం 40 సెంటీమీటర్లుంటే ఎత్తుపల్లాలు పోతాయి.

కీల్ ముందంచు కోడిగుడ్డు కొసలా గుండ్రంగా ఉండాలి. వెనకంచుని మాత్రం చాలామంది గుండ్రంగా చేసి పాడుచేస్తారు. అది క్రమంగా సన్నబడి 2, 3 మిల్లీమీటర్ల మందం దగ్గర చతురస్రంగా, మూలలు పదునుగా తెగిపోవాలి. గుండ్రటి వెనకంచు నుంచి నీరు అటూ ఇటూ సుడులుగా విడిపోతుంది. దాంతో నిరోధం పెరుగుతుంది, ఒక్కోసారి కీల్ గుయ్యిమని మోగుతుంది కూడా. చుక్కాని రెక్కకీ ఇదే సూత్రం. కాటలినా 22లో కీల్‌ని పైకి లాగే ఉక్కు తీగ నీటిలో వణికి చేసే మోత వేరే. దానికి కంగారు పడక్కర్లేదు. కీల్ తన ఇరుసు దగ్గర పక్కలకి కదులుతుంటే మాత్రం వాషర్లు వేసి ఆ సందు తగ్గించాలి. కదిలే కీల్‌తో ఎదురుగాలి పట్టడం కష్టం.

ఇక అవుట్‌బోర్డ్ మోటారు. తెరచాప మీద వెళ్తూ దాని కాలుని నీళ్లలో వదిలేసే పడవలు ఇప్పటికీ కనిపిస్తాయి. ప్రొపెల్లరు, కాలు కలిసి పిల్లగాలిలో వేగాన్ని బాగా తినేస్తాయి. బ్రాకెట్‌ని పైకి లేపడమే కాదు, మోటారుని వంచి మొత్తం నీటి బయటికి తీయాలి. ఒక వైపు ఒరిగినప్పుడు కూడా తగలకుండా ఉందో లేదో వెనక్కి తిరిగి చూసుకోండి.

బరువు: ఎంత, ఎక్కడ

ఈ సైజు పడవ సుమారు 200 కిలోలకి ఒక అంగుళం మునుగుతుంది. 1,020 కిలోల పడవకి 200 కిలోలంటే అయిదో వంతు. అంత సామాను ఎక్కడుందని అనుకోవద్దు. రెండు బ్యాటరీలు, నిండు నీళ్ల ట్యాంకు, ఏళ్లుగా పేరుకున్న పనిముట్ల పెట్టె, తడిసిన పాత తాళ్లు, వాడని రెండో లంగరు, డబ్బా తిండి... అన్నీ బయట పరిచి తూకం వేస్తే తెలుస్తుంది. ఒకరోజు ప్రయాణానికి నీళ్ల ట్యాంకు నింపాల్సిన అవసరం లేదు. లైఫ్ జాకెట్లు, పనికొచ్చే లంగరు, దాని గొలుసు, మంట ఆర్పే సిలిండరు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె మాత్రం బరువు పేరుతో దింపకూడదు.

మిగిలిన బరువు ఎక్కడుందన్నది కూడా అంతే ముఖ్యం. మోటారు, పెట్రోల్ డబ్బా, బ్యాటరీ, కాక్‌పిట్‌లో కూర్చున్న నలుగురూ వెనకే ఉండటంతో అమరం, అంటే పడవ వెనక కొస, నీళ్లలో దిగబడుతుంది. వెనక పలక నీటిలో మునిగితే దాని వెంట నీరు కలగాపులగంగా ఈడ్చుకొస్తుంది. వెనక్కి తిరిగి చూడండి. నీరు పలక కింది అంచు నుంచి శుభ్రంగా విడిపోతుంటే సరే. గలగలమంటూ పలకని అంటుకుని వస్తుంటే బరువు ముందుకి జరపాలి. బ్యాటరీని, పనిముట్లని క్యాబిన్ మధ్యకి, కీల్ దగ్గరికి తెచ్చి కింద పెట్టండి. పిల్లగాలిలో ఒకరిద్దరిని క్యాబిన్ ముందు, గాలి చాటు వైపు కూర్చోబెడితే రెండు లాభాలు: వెనక పలక నీటి నుంచి లేస్తుంది, పడవ కొద్దిగా ఒరిగి తెరచాపలు వాటంతట అవే ఆకారంలోకి వేలాడతాయి. గాలి 8 నాట్లు దాటగానే అందరూ గాలివైపు రావాలి. లంగరు గొలుసు మాత్రం ముక్కు చివర పెట్టొద్దు. ముక్కు అలల్లోకి గుచ్చుకుంటుంది.

తీగలు బిగించడం

మాస్ట్, అంటే తీగలు పట్టి నిలబెట్టే తెరచాప స్తంభం, వంకరగా ఉంటే పడవ ఒక వైపు బాగా, రెండో వైపు నీరసంగా పోతుంది. గాలి లేని రోజు ఒడ్డునే చేసుకోవాల్సిన పని ఇది. మెయిన్ తెరచాపని (మాస్ట్ వెనకుండేది) పైకి లాగే హాల్యార్డ్ తాడుకి స్టీలు టేపు కట్టి పైకి పంపి, ఎడమ పక్క తీగ డెక్‌ని తాకే చోటికి కొలవండి, తర్వాత కుడి పక్క. రెండూ 5 మిల్లీమీటర్ల తేడాలోపు ఉండేదాకా టర్న్‌బకిల్స్ (తీగల బిగువు సర్దే మరలు) తిప్పండి. తర్వాత పై తీగలని రెండు వైపులా సమానమైన చుట్లతో బిగించండి. టెన్షన్ గేజి ఉంటే తీగ తెగే బలంలో 10 నుంచి 15 శాతం వరకు తెస్తే చాలు. 5/32 అంగుళాల 1×19 స్టెయిన్‌లెస్ తీగ తెగే బలం సుమారు 3,300 పౌండ్లు, కాబట్టి 330 నుంచి 500 పౌండ్ల మధ్య. కింది తీగల్లో ముందువి వెనకవాటికంటే ఒక పిసరు బిగువుగా ఉంటే మాస్ట్ నడుము కొంచెం ముందుకి వస్తుంది. అది మంచిదే. మాస్ట్ అడుగున నిలబడి తెరచాప జారే గాడి వెంట పైకి చూస్తే వంపు కనిపిస్తుంది. పక్కకి వంపు మాత్రం అసలు ఉండకూడదు.

అసలు పరీక్ష నీళ్ల మీద. 10, 12 నాట్ల గాలిలో 15 డిగ్రీలు ఒరిగి ఎదురుగాలికి వెళ్తూ చాటువైపు పక్క తీగని పట్టుకుని కదపండి. కాస్త వదులుగా ఉండాలి, వేలాడుతూ కొట్టుకోకూడదు. కొట్టుకుంటుంటే దాన్ని రెండు చుట్లు బిగించి, పడవ తిప్పి, ఇటుపక్కదీ అవే రెండు చుట్లు బిగించండి. పనయ్యాక పిన్నులు పెట్టి టేపు చుట్టడం మర్చిపోవద్దు. ఒక్క పిన్ను మొన బయటికి ఉన్నా జెనోవాని చీల్చేస్తుంది. పిన్ను అసలే లేకపోతే టర్న్‌బకిల్ తనంతట తను విప్పుకుని మాస్టే కూలొచ్చు.

ముందు తీగ వదులుగా ఉంటే జెనోవా ముందంచు గాలి చాటుకి కుంగి తెరచాప పొట్ట పెరుగుతుంది. పిల్లగాలిలో ఫర్వాలేదు, పెద్ద గాలిలో పడవ ఒరగడమే తప్ప ముందుకి పోదు.

తెరచాప పొట్ట

తెరచాప పని చేసేది దాని వంపుతో. ఆ వంపుకి రెండు కొలతలు: ఎంత లోతు, ఎక్కడ. ముందంచు నుంచి వెనకంచుకి ఒక గీత గీస్తే, ఆ గీత నుంచి గుడ్డ ఎంత దూరంగా ఉందో అది లోతు. గీత 2 మీటర్లుండి లోతు 24 సెంటీమీటర్లుంటే 12 శాతం. మెయిన్ తెరచాపకి లోతు 10 నుంచి 14 శాతం మధ్య, ఎక్కువ లోతున్న చోటు ముందంచు నుంచి 45, 50 శాతం దూరంలో ఉండాలి. జెనోవాకి ఆ చోటు ఇంకొంచెం ముందు, 35 నుంచి 45 శాతం. కొలవడం కష్టమేమీ కాదు. బూమ్ (మెయిన్ అడుగున ఉండే అడ్డ కర్ర) మధ్యలో కింద పడుకుని ఫోన్‌తో పైకి ఫొటో తీసి, దాని మీద గీత గీసి చూస్తే చాలు. పాత డాక్రాన్ గుడ్డ సాగిపోయి 16, 17 శాతం లోతుకి వచ్చి, పొట్ట సగం దాటి వెనక్కి జారితే ఆ తెరచాప పడవని ముందుకి తోసే బదులు పక్కకి తోస్తుంది.

కొత్తది కొనేముందు ఒకటి చూడండి. పాత మెయిన్ తెరచాపల ముందంచులో కుట్టిన తాడు ఏళ్ల తరబడి ఎండకీ నీటికీ కుంచించుకుపోతుంది. గుడ్డ కంటే తాడు పొట్టిదైపోతుంది. హాల్యార్డ్ ఎంత లాగినా బిగువంతా తాడుకే పోతుంది, గుడ్డ ముడతలు పడే ఉంటుంది, పొట్ట వెనకే ఉంటుంది. తెరచాపలు కుట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే కింద కుట్లు విప్పి తాడుని కొన్ని అంగుళాలు లోపలికి జారనిచ్చి మళ్లీ కుడతారు. చిన్న పనే కానీ, పనికిరాదనుకున్న తెరచాప ఒక్కోసారి దీంతోనే మరో రెండు మూడేళ్లు లాక్కొస్తుంది.

తాళ్ల సంగతికొస్తే, ముందంచు నుంచి అడ్డంగా ముడతలు కనిపిస్తే హాల్యార్డ్ లాగాలి. ముందంచు వెంబడి నిలువుగా మడత పడితే ఎక్కువ లాగినట్టు, కొంచెం వదలాలి. గాలి పెరిగే కొద్దీ పొట్ట వెనక్కి జారుతుంది కాబట్టి హాల్యార్డో, కన్నింగ్‌హామో (ముందంచుని కిందకి లాగే తాడు) మళ్లీ లాగాలి. ఒడ్డున ఒకసారి బిగించి రోజంతా అలాగే వదిలేయడం ఎక్కువమంది చేసే పొరపాటు. అవుట్‌హాల్, అంటే తెరచాప కింది మూలని బూమ్ చివరికి లాగే తాడు, కింది భాగపు లోతుని చూసుకుంటుంది: మామూలు గాలిలో వదులుగా, 12 నాట్లు దాటితే పూర్తిగా బిగువుగా. 3, 4 నాట్ల గాలిలో మాత్రం తెరచాపని బాగా పొట్టగా వదిలేయకూడదు. అంత నీరసమైన గాలి లోతైన వంపుని అంటుకుని పారలేదు, మధ్యలోనే విడిపోతుంది.

గాలి ఎలా పారుతోందో చెప్పేవి ఊలు పోగులు. జెనోవా ముందంచుకి ఒక అడుగు వెనగ్గా, కింద, మధ్య, పైన మూడు చోట్ల, రెండు వైపులా అతికించండి. ముదురు రంగు ఊలు, ఒక్కోటి 15, 20 సెంటీమీటర్లు. రెండు వైపుల పోగులూ అడ్డంగా వెనక్కి పారుతుంటే తెరచాప సరైన కోణంలో ఉన్నట్టు. గాలివైపు పోగు పైకి లేచి గంతులేస్తుంటే షీట్ (తెరచాపని లోపలికి లాగే తాడు) లాగాలి లేదా పడవని గాలికి కొంచెం దూరంగా తిప్పాలి. చాటువైపు పోగు వాలిపోతే షీట్ వదలాలి. ఈ రెండోదే ప్రమాదం, ఎందుకంటే బిగించిన తెరచాప చూడటానికి బాగుంటుంది కానీ పడవ ఆగిపోతుంది. పై పోగు కింది పోగు కంటే ముందు లేస్తుంటే షీట్ పోయే కప్పీని ముందుకి జరపాలి. కింది పోగు ముందు లేస్తే వెనక్కి.

మెయిన్ తెరచాపకి పోగులు వెనకంచున, గుడ్డని చాపి పట్టే బద్దల దగ్గర కట్టాలి. అన్నిటికంటే పై బద్ద దగ్గరిది ముఖ్యం. అది సగం సేపు వెనక్కి ఎగురుతూ, సగం సేపు తెరచాప వెనక దాక్కుంటుంటే షీట్ సరిగ్గా ఉన్నట్టు. ఎప్పుడూ దాక్కునే ఉంటే ఎక్కువ లాగారు. మామూలు గాలిలో పై బద్ద బూమ్‌కి సమాంతరంగా ఉండాలన్నది సులువైన గుర్తు.

ఒరుగుదల, చుక్కాని

హుస్సేన్ సాగర్‌లో లేజర్, ఆప్టిమిస్ట్ లాంటి చిన్న పడవల మీద నేర్చుకున్నవారికి పడవని చదునుగా ఉంచాలన్నది మొదటి పాఠమే. కీల్ ఉన్న పడవలోకి వచ్చాక, ఇది బోల్తా పడదనే ధీమాతో అదే పాఠం వదిలేస్తారు. పక్కకి ఒరిగి నీళ్లు చిమ్ముకుంటూ పోతుంటే వేగంగా పోతున్నట్టే అనిపిస్తుంది. జీపీఎస్ చూస్తే సంగతి తెలుస్తుంది.

ఒరిగినప్పుడు ఏం జరుగుతుంది? తెరచాపల బలం నీటి మీదకి, పడవ పక్కకి వెళ్లిపోతుంది. ఆ పక్క నుంచి తోస్తుంటే పడవ గాలి వైపు తిరగాలని చూస్తుంది. నీటి కింది ఆకారం కూడా ఒకవైపు ఉబ్బి, పడవని అటే తిప్పుతుంది. దాన్ని ఆపడానికి మీరు చుక్కాని పిడిని లాగిపెట్టి పట్టుకుంటారు. అడ్డం తిరిగిన చుక్కాని నీటిలో బ్రేకులా పనిచేస్తుంది. 3 నుంచి 5 డిగ్రీల కోణం మంచిదే, కీల్‌కి సాయంగా పడవని పక్కకి జారకుండా పట్టుకుంటుంది. 10 దాటితే వేగం తింటుంది. ఈ కోణాన్ని కంటితో చూసేందుకు సులువైన దారి ఉంది: ఇరుసు నుంచి మీటరు దూరంలో పిడి నడిమి గీత నుంచి 9 సెంటీమీటర్లు జరిగితే 5 డిగ్రీలు, 17 జరిగితే 10 డిగ్రీలు. కాక్‌పిట్ సీటు అంచున టేపు ముక్కలతో ఆ గుర్తులు పెట్టుకోండి.

పిడి బరువుగా ఉంటే తెరచాపని తిట్టుకునే ముందు చుక్కాని రెక్కని చూడండి. మడిచి పైకి లేపే రకం చుక్కాని పూర్తిగా కిందకి దిగకుండా కొన్ని డిగ్రీలు వెనక్కి ఉండిపోతే చాలు, పిడి రెట్టింపు బరువెక్కినట్టు అనిపిస్తుంది. దించే తాడు సాగిపోవడమే తరచూ కారణం. సాగని తాడు వేసి గట్టిగా బిగించండి. కీలు పిన్నుల దగ్గర చుక్కాని లొడలొడలాడుతుంటే ప్లాస్టిక్ బుష్‌లు మార్చండి. తర్వాత మాస్ట్ వెనక్కి ఎంత వాలి ఉందో చూడాలి. హాల్యార్డ్ చివర ఒక రెంచి వేలాడదీసి మాస్ట్ అడుగున దూరం కొలిస్తే తెలుస్తుంది. వాలు ఎక్కువుంటే ముందు తీగని కొంచెం పొట్టి చేయాలి.

వీటన్నిటికంటే పెద్ద మందు తెరచాప సమయానికి కుదించడం. గాలి బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. 10 నాట్ల గాలి 14 అయితే బలం దాదాపు రెట్టింపు. వేగం 4 నాట్లే పెరిగింది కదా అని వదిలేస్తే పడవ 25, 30 డిగ్రీలు ఒరుగుతుంది, చుక్కాని సగం నీటి బయటికొస్తుంది, పడవ మాట వినకుండా గాలిలోకి తిరిగిపోతుంది. ఈ పడవలకి 15, మహా అయితే 20 డిగ్రీలే హద్దు. ముందు మనుషులు గాలివైపు జరగాలి. ఇద్దరు కలిసి 150 కిలోలంటే పడవ బరువులో ఏడో వంతు, అది చిన్న విషయం కాదు. తర్వాత హాల్యార్డ్, అవుట్‌హాల్ బిగించి తెరచాపని చదును చేయాలి. ఆ తర్వాత ట్రావెలర్‌ని (మెయిన్ షీట్ అటూ ఇటూ జరిగే పట్టా) చాటువైపుకి జరపాలి. ఇంకా ఒరుగుతుంటే రీఫ్, అంటే తెరచాపని కొంత మడిచి కట్టడం. పిడి లాగుతుంటే ముందు మెయిన్ కుదించండి. పిడి తేలిగ్గా ఉండి పడవ ఒరుగుతుంటే జెనోవా తగ్గించండి. 150 శాతం జెనోవాని (ముందు తీగకీ మాస్ట్‌కీ మధ్య దూరంతో పోల్చిన సైజు) ఫర్లర్, అంటే ముందు తీగ దగ్గర తెరచాపని చుట్టే సాధనం, మీద సగం చుట్టి వాడితే అది సంచిలా ఉబ్బుతుంది. గాలి ఎక్కువుండే చోట తిరిగేవాళ్లు 110, 120 శాతం జిబ్ (చిన్న ముందు తెరచాప) ఒకటి పెట్టుకోవడం మేలు. రీఫ్ వేశాక పడవ 12 డిగ్రీలకి లేచి, అదే వేగంతో, లేదా అరనాట్ ఎక్కువతో పోతుంటే మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు.

తిన్నగా పోవడం అన్నిసార్లూ దగ్గర దారి కాదు

ఎదురుగాలికి వెళ్లేటప్పుడు గాలికి మరీ దగ్గరగా పట్టి పడవని ఊపిరాడకుండా చేయడం ఎక్కువగా కనిపిస్తుంది. గాలికి 45 డిగ్రీల కోణంలో 4 నాట్లు పోతే గమ్యం వైపు నిజంగా కదిలేది 2.83 నాట్లు. 50 డిగ్రీలకి దించితే 4.4 నాట్లు దాటినప్పుడే లాభం. చిన్న క్రూయిజింగ్ పడవలో, అలలున్నప్పుడు, ఆ పెరుగుదల సాధారణంగా వచ్చేస్తుంది. ఇంకో లాభం ఈ లెక్కలో కనపడదు. కీల్ పక్కకి జారకుండా పట్టుకునే బలం కూడా వేగపు వర్గంతోనే పెరుగుతుంది. నెమ్మదిగా పోతే ముక్కు గమ్యం వైపే చూస్తున్నా పడవ పక్కకి కొట్టుకుపోతుంటుంది.

గాలివాలుకి కూడా ఇంతే. నేరుగా గాలి వెనక నుంచి పోతే జెనోవా మెయిన్ చాటున పడి వేలాడుతుంది. 20 డిగ్రీలు పక్కకి తిప్పితే దూరం పెరిగేది 6.4 శాతమే. 4 నాట్లు పోతున్న పడవ 4.26 దాటితే గెలిచినట్టు. 30 డిగ్రీలైతే దూరం 15.5 శాతం పెరుగుతుంది, అది గిట్టుబాటు కావడం కష్టం. తప్పనిసరిగా నేరుగానే పోవాలంటే విస్కర్ పోల్ అనే కర్రతో జెనోవాని మెయిన్‌కి అవతలి వైపు చాపి పట్టాలి. అప్పుడు బూమ్ అకస్మాత్తుగా ఇటు తిరిగి తల మీద కొట్టకుండా ముందుకి ఒక తాడు కట్టాలి. 6, 7 నాట్ల గాలిలో గాలివాలుకి కీల్ కొంచెం లేపితే రాపిడి తగ్గుతుంది. గాలి 10 దాటితే మాత్రం అది పూర్తిగా కిందే ఉండాలి, పడవని నిటారుగా నిలబెట్టే బరువు అదే.

తేడా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కటి మార్చి, అదే కోణంలో అయిదు నిమిషాలు పోయి, సగటు రాసుకుని, మళ్లీ పాత స్థితికి తెచ్చి చూడాలి. గాలి నిమిషానికోలా మారుతుంది కాబట్టి ఒక్కసారి చూసిన అంకెని నమ్మొద్దు. సరస్సులో ప్రవాహం పెద్దగా ఉండదు, జీపీఎస్ వేగం సరిపోతుంది. ఆటుపోట్లున్న చోట అది నేల మీది వేగం చెబుతుంది, పడవ నీటిలో ఎంత పోతోందో చెప్పదు. అక్కడ పడవ అడుగున తిరిగే చక్రపు లాగ్ (నీటిలో వేగం కొలిచే పరికరం) కావాలి, దాన్ని వారానికోసారైనా తీసి పాకుడు తుడవాలి. అన్నిటికంటే నమ్మదగ్గ కొలత పక్కన పోయే అదే రకం పడవ. ఇద్దరూ సమంగా పోతూ, ఒకరు మాత్రమే ఒక తాడు మార్చి చూస్తే రెండు మూడు నిమిషాల్లో తేడా బయటపడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఫొటోలో పొట్ట 15 శాతం దాటే ఉంటే, అప్పుడు కొత్త తెరచాప. మెయిన్, జెనోవా రెండింట్లో ఒకటే కొనగలిగితే, ఎదురుగాలికి ఎక్కువ తిరిగేవాళ్లు, ఫర్లర్ ఉన్నవాళ్లు ముందు జెనోవా కొనాలి. ముందు తెరచాప ముందంచుకి అడ్డుగా మాస్ట్ ఉండదు కాబట్టి దాని ఆకారం బాగుపడితే ఫలితం వెంటనే తెలుస్తుంది. పిడి ఎప్పుడూ బరువుగా ఉండి, ముందంచు తాడు సరిచేయించినా మెయిన్ వెనకంచు బిగుసుకుపోయే ఉంటే ముందు మెయిన్. గాలివాలు కోసం రంగుల స్పినేకర్ తెరచాప కొనాలనే కోరిక ఉంటే అది ఆ తర్వాతి సీజన్‌కి పెట్టుకోండి, ఈలోపు విస్కర్ పోల్ సరిపోతుంది.